“ఏం సార్, బండి రిపేరా?”

గత సంచికలో కడప నుంచి ఒక తల్లి, బడి వదిలే వేళకు గేటు ముందు స్కూటర్లూ ఆటోలూ కిక్కిరిసిపోయి పిల్లలు దారి దాటలేకపోతున్నారని రాశారు. రెండు కిలోమీటర్ల లోపు ఇళ్లున్న పిల్లలనైనా సైకిలు మీద పంపితే ఆ రద్దీ చాలావరకు తగ్గుతుందని నేను నాలుగు వాక్యాల్లో జవాబిచ్చాను. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఈ మధ్యకాలంలో ఎప్పుడూ రాలేదు. మెచ్చుకున్నవాటి కంటే దెబ్బలాడినవే ఎక్కువ కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం సైకిలుకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను కడపలో బ్యాంకు ఉద్యోగిని. ఇల్లు ఎర్రముక్కపల్లెలో ఉంది, ఏడురోడ్ల దగ్గరున్న మా ఆఫీసు మూడు కిలోమీటర్లకు మించి ఉండదు. మీ జవాబు చదివి, మూలన పడి ఉన్న సైకిలును బాగు చేయించుకుని నాలుగు రోజులు దాని మీదే పోయి వచ్చాను. దారిలో కనిపించిన ప్రతివారూ “ఏం సార్, బండి రిపేరా?” అని అడిగారు. ఐదో రోజు పులివెందుల నుంచి మా మామగారు ఫోను చేసి, డబ్బుకు ఏమైనా ఇబ్బందిగా ఉందా అని మెల్లగా విచారించారు. ఆరో రోజు నుంచి మళ్లీ స్కూటరే. వీళ్లందరికీ ఏమని చెప్పమంటారు?

జవాబు: మీ మామగారి ఫోను సంగతి చదివి మొదట నవ్వుకున్నాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. ఎందుకంటే ఆయన తరంవారికే సైకిలు విలువ బాగా తెలిసి ఉండాలి. పెళ్లి మాటల్లో అల్లుడికి సైకిలు, చేతి గడియారం, రేడియో అడిగిన రోజులు మరీ పాతవేమీ కావు. పురపాలక సంఘాలు సైకిలుకు ఏటా పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవి. ఆ బిళ్ల లేకపోయినా, రాత్రిపూట దీపం లేకపోయినా, వెనక ఒకరిని ఎక్కించుకుని డబల్స్ పోయినా ఆపి జరిమానా వేసేవారు. అంత మర్యాద పొందిన వాహనం ఒక్క తరంలో లేమికి గుర్తుగా మారిపోయింది. నిజానికి 2011 జనగణనలో కూడా దేశం మొత్తం మీద 44.8 శాతం ఇళ్లలో సైకిలు ఉంటే, మోటారు సైకిలో స్కూటరో ఉన్న ఇళ్లు 21 శాతమే. సైకిలు తొక్కేవారు మన చుట్టూ ఎప్పుడూ ఉన్నారు. చొక్కా ఇస్త్రీ చేసుకుని బ్యాంకుకు పోయేవారు దాని మీద కనిపించడం మానేశారు కాబట్టే మిమ్మల్ని చూసిన జనానికి వింతగా తోచింది.

ఏమి చెప్పాలని అడిగారు కదా, ఏమీ చెప్పకండి. మీరు పర్యావరణం గురించి చెబితే వినేవారికి ఉపన్యాసంలా ఉంటుంది, ఆరోగ్యం గురించి చెబితే షుగరు వచ్చిందేమో అనుకుంటారు, పెట్రోలు ఖర్చు గురించి చెబితే మీ మామగారు మళ్లీ ఫోను చేస్తారు. పెట్రోలు లెక్క కూడా నిజాయతీగా చూసుకుంటే మరీ గొప్పదేమీ కాదు. రోజుకు ఆరు కిలోమీటర్లు, నెలకు ఇరవై ఆరు రోజులు అంటే నూట యాభై ఆరు కిలోమీటర్లు. లీటరుకు యాభై ఇచ్చే బండికి మూడు లీటర్ల చమురు, మూడు నాలుగు వందల రూపాయల మాట. దాని కోసమే సైకిలు ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. మూడు కిలోమీటర్ల దూరం గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల నింపాది వేగంతో తొక్కినా పావుగంటలో అయిపోతుంది, మీ ఆఫీసు ముందు బండి పెట్టడానికి సందు వెతుక్కునే పని తప్పుతుంది. ఆ పావుగంట ఎవరూ మీకు ఫోను చేయరు అన్నది నాకు అన్నిటికంటే నచ్చిన లాభం.

ఆరేళ్ల కిందట నేను తిరిగి సైకిలు ఎక్కినప్పుడు, మా వీధి మలుపులో టీ అంగడి నడిపే ఆయన రోజూ గ్లాసు కడుగుతూ అదే ప్రశ్న అడిగేవాడు. నేను “లేదప్పా, పని మీద పోతున్నా” అని మాత్రమే చెప్పి పోయేవాణ్ణి. ఆరు వారాలు అడిగాడు, ఏడో వారంలో మానేశాడు. ఆ తర్వాత ఒకరోజు వాన పడుతుంటే స్కూటరు మీద బయలుదేరాను. అతడు గ్లాసు పట్టుకుని బయటికి వచ్చి, “ఏం సార్, సైకిలు రిపేరా?” అన్నాడు. మీరు నాలుగు రోజులకే దిగిపోయారు, కనీసం ఆరు వారాలు ఒకే వేళకు, ఒకే దారిన పోయి చూడండి. మామగారికి మాత్రం మీరే ముందుగా ఫోను చేసి చెప్పడం మంచిది.

ప్రశ్న: మేము ప్రొద్దుటూరులో ఒకే వీధిలో ఉండే ఏడుగురు ఆడవాళ్లం. ముప్పై నుంచి నలభై ఐదేళ్ల మధ్య వయసు వాళ్లం. నేను బట్టలు కుడతాను, ఇద్దరు అంగన్‌వాడీలో పనిచేస్తారు, మిగిలినవారు ఇంటిపట్టున ఉంటారు. మా ఏడుగురిలో ఒక్కరికీ సైకిలు రాదు. స్కూటీ నేర్చుకోమని ఇంట్లో చెబుతారు గాని కొనివ్వరు. ఈ వయసులో సైకిలు నేర్చుకోవడం వీలవుతుందా? ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి? చీరతో తొక్కవచ్చా?

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మీదే. ఏడుగురు కలిసి అడగడంలోనే సగం పని అయిపోయింది. ఒంటరిగా ఒక ఆడమనిషి బజారులో సైకిలు నేర్చుకుంటుంటే నలుగురూ నిలబడి చూస్తారు. ఏడుగురు కలిసి నేర్చుకుంటుంటే మాత్రం, చూసేవారే కాసేపటికి మొహమాటపడి తప్పుకుంటారు.

మనకు మరీ దూరం కాని తమిళనాడులోనే దీనికి ఒక గొప్ప నిదర్శనం ఉంది. పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో ‘అరివొళి ఇయక్కం’ పేరుతో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ పూనికతో, అక్షరాలు నేర్పడంతో పాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పడాన్ని కూడా ఆ ఉద్యమంలో చేర్చారు. పొలం కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవారు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, బడిపంతులమ్మలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు అంతమందికి దొరకకపోతే మగవారి సైకిళ్లే తీసుకున్నారు. ముందున్న కడ్డీ మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు గనుక అదే మేలని కొందరు అన్నారట. సైకిలు రాకముందు నీళ్లకు, అంగడికి, బడికి పోయిరావడానికి బస్సు కోసమో, ఇంట్లో మగవాళ్ల తీరిక కోసమో ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చేది. ఆ ఎదురుచూపు తప్పడమే వారికి అన్నిటికంటే పెద్ద మార్పు. రాతి గనులు, కూలి పనులు ఉన్న మన జిల్లాకు ఆ జిల్లా పోలిక బాగా సరిపోతుంది.

ఇక నేర్చుకునే పద్ధతి. మా చిన్నతనంలో గంటకు పావలా ఇచ్చి బాడుగ సైకిలు తెచ్చుకుని, సీటు అందక, కడ్డీ సందులోంచి కాలు దూర్చి అడ్డ తొక్కుడు తొక్కేవాళ్లం. వెనక పట్టుకుని పరుగెత్తే అన్నయ్య ఎప్పుడు వదిలేశాడో తెలియకుండానే వచ్చేసేది, మోకాళ్లు చీరుకుపోయేవి. పెద్దవాళ్లకు ఆ దారి పనికిరాదు. సీటును పూర్తిగా కిందికి దించించండి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. పంచరు షాపులో చెప్పి రెండు పెడళ్లూ విప్పించండి. కొంచెం వాలుగా ఉన్న నేల మీద, కాళ్లతో నేలను తోసుకుంటూ, నడిచినట్టుగా పోవడం మొదలుపెట్టండి. రెండు మూడు రోజులకు కాళ్లు ఎత్తినా పదడుగులు జారిపోగలుగుతారు, అంటే తూకం చిక్కినట్టే. అప్పుడు పెడళ్లు బిగించుకోండి. చూపు మాత్రం ముందు చక్రం మీద పెట్టకుండా ఎదుట పది గజాల దూరంలో పెట్టండి, చక్రాన్ని చూస్తే చక్రంతో పాటు మీరూ వాలిపోతారు. ఈ పద్ధతిలో వెనక ఎవరూ పట్టుకోవలసిన అవసరం ఉండదు కాబట్టి, ఎవరినీ బతిమాలుకునే పని లేదు. స్థలం కోసం దగ్గరలోని ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, ఆదివారం ఉదయం గంటన్నర మైదానం అడగండి.

చీరతో తొక్కవచ్చు. ముందు కడ్డీ లేని సైకిలు, చెయినుకు పూర్తి మూత, వెనక చక్రానికి చీర చుట్టుకోకుండా వల ఉంటే చాలు. కొంగు నడుముకు దోపుకోవడం తప్పనిసరి. చున్నీ వేసుకునేవారు దాన్ని వెనక ముడి వేసుకోవాలి, ఇందులో అశ్రద్ధ వద్దు, చక్రంలో చిక్కుకున్న చున్నీ మెడను లాగేస్తుంది.

సైకిళ్లు కొనే ముందు మీ బంధువుల ఇళ్లలో మెట్ల కిందా, మిద్దెల మీదా ఒకసారి వెతకండి. ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్లు, ఆ పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక, తుప్పు పట్టి ఎన్నో పడి ఉన్నాయి. చట్రం వంగకపోతే రెండు టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పించి చెయినుకు నూనె పట్టిస్తే అవి మళ్లీ తిరుగుతాయి. ఇలాంటి పథకాల వల్ల ఏమి ఒరిగిందని కొందరు అడుగుతుంటారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టాక, ఆ వయసు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ పెరుగుదల ముఖ్యంగా హైస్కూలుకు మూడు కిలోమీటర్లు, అంతకు మించిన దూరంలో ఉన్న ఊళ్లలో కనిపించింది.

మీలో మొదట నేర్చుకున్నవారు పక్క వీధివారికి నేర్పేటట్లు ముందే మాట తీసుకోండి. రెండు నెలల తర్వాత ఎలా ఉందో తప్పక రాయండి.

ప్రశ్న: పదిహేనేళ్ల మా అబ్బాయి ట్యూషనుకు స్కూటరు అడుగుతున్నాడు. స్నేహితులందరూ అలాగే వస్తున్నారట. ఊరి లోపలే కదా, ఇవ్వవచ్చా? (మైదుకూరు)

జవాబు: ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివారు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షను కింద శిక్ష తండ్రికో, సంరక్షకుడికో, వాహన యజమానికో పడుతుంది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. ఆ బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. అబ్బాయికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పదహారు నిండినవారికి యాభై సి.సి. లోపు, గేర్లు లేని బండికి లైసెన్సు ఇచ్చే వీలు ఉంది గాని, మీవాడు అడిగే స్కూటరు దాదాపు కచ్చితంగా అంతకంటే పెద్దది. సైకిలుకు లైసెన్సూ అక్కరలేదు, రిజిస్ట్రేషనూ అక్కరలేదు. పదిహేనేళ్లవాడికి పాత సైకిలు ఇస్తే అలుగుతాడు కాబట్టి, వాడికి నచ్చిన రంగుది, వాడినే తీసుకుపోయి కొనివ్వండి.

ప్రశ్న: మే నెలలో కడపలో ఒకసారి సైకిలు తొక్కి చూసి ఆ తర్వాత ఇలాంటి సలహాలు ఇవ్వండి. (కడప నుంచి, పేరు రాయని పాఠకుడు)

జవాబు: తొక్కే ఇస్తున్నాను. అయినా మీరు చెప్పింది సరైనదే. నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నేను సైకిలు తీయను, ఇంకెవరినీ తీయమనను. మన ఊళ్ల జీవితం మాత్రం ఎండాకాలంలో ఎప్పుడూ పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాతే నడిచింది. పాలు, కూరగాయలు, గుడి, దర్గా, ట్యూషను, అన్నీ ఆ వేళల్లోనే జరుగుతాయి. తప్పనిసరై మధ్యాహ్నం పోవలసి వస్తే తలకు తడి తుండు కట్టుకోండి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగి బయలుదేరండి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే దిగి నీడకు చేరండి, అవి వడదెబ్బ గుర్తులు.

ఇంకొక మాట. మనకు ఎండ ఎప్పుడూ ఉన్నదే, పోయింది నీడ. వేపలూ కానుగలూ ఉన్న దారికీ, రోడ్డు వెడల్పు పేరుతో చెట్లన్నీ కొట్టేసిన దారికీ తేడా సైకిలు మీద పోయేవారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను ఏడాదిలో ఎనిమిది నెలలు ఒక దారిన, మార్చి నుంచి జూన్ దాకా ఇంకొక దారిన పోతాను. రెండోది అర కిలోమీటరు ఎక్కువైనా చెట్ల కింద నుంచి పోతుంది.

ప్రశ్న: వారానికి రెండు పంచర్లు. అన్నీ కంపముళ్లే. పంచరు వేసేవాడు సైకిలంటేనే మొహం చిట్లిస్తున్నాడు. (బద్వేలు)

జవాబు: వారానికి రెండు పంచర్లు అవుతున్నాయంటే కొత్త ముళ్లు గుచ్చుకోవడం కంటే పాత ముల్లు లోపలే ఉండిపోవడం కారణం కావచ్చు. మా వీధి పంచరు షాపు పెద్దాయన పని చేసే తీరు చెబుతాను. ఆయన ట్యూబును బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ బుడగలు వచ్చిన చోట వేలు పెడతాడు. తుడిచి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషను పూసి, అది ఆరేదాకా బీడీ వెలిగించుకుంటాడు. తడి మీదే అతికిస్తే మన ఎండకు ప్యాచి రెండు రోజుల్లో లేచిపోతుంది. ఇంతవరకు అందరూ చేసేదే. ఆ తర్వాత ఆయన టైరు లోపలి వైపు ఒక పాత గుడ్డతో చుట్టూ నెమ్మదిగా తుడుస్తాడు. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లు మొన ఉన్నట్టు. కంపముల్లు బయటివైపు విరిగిపోయి మొన టైరులోనే ఉండిపోతుంది, బయటి నుంచి చూస్తే కనిపించదు. పట్టకారుతో ఆయన తీసిన మొన బియ్యపు గింజలో సగం కూడా లేదు. అది ఉన్నంతకాలం ఎన్ని ప్యాచీలు వేసినా దండగే. మీరు ఎదురుగా నిలబడి టైరు లోపల తుడవమని అడగండి.

టైరు అరిగి నున్నగా అయితే మార్చేయండి. గాలి తక్కువగా ఉంటే ముల్లు త్వరగా దిగుతుంది కాబట్టి పది రోజులకొకసారి గాలి కొట్టించండి. పంచరు లేకుండానే గాలి దిగిపోతుంటే చాలాసార్లు తప్పు వాల్‌ట్యూబుది, ఆ చిన్న రబ్బరు గొట్టం ఎండకు పగిలిపోతుంది.

మొహం చిట్లించడం గురించి కూడా ఆలోచించవలసిందే. మోటారు సైకిళ్లకు ట్యూబులెస్ టైర్లు వచ్చాక పంచరు షాపులవారి పని తీరే మారిపోయింది, సైకిలు పంచరుకు గిట్టేది తక్కువ, పట్టే సమయం ఎక్కువ. ఊరిలో సైకిలు నిలబడాలంటే మొదట ఈ షాపు నిలబడాలి. మీ వీధిలో సైకిళ్లున్న పది ఇళ్లవారు కలిసి, నెలకొకసారి ఒకే రోజున సైకిళ్లన్నీ తీసుకుపోయి గాలి, నూనె, బ్రేకులు చూపించుకుంటామని ఆయనకు మాట ఇవ్వండి. అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. చెప్పుల కొట్టులో నోరెత్తని మనం పంచరు షాపులో ఐదు రూపాయలకు గొడవపడతాం.

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుణ్ణి. ఇరవై ఏళ్లుగా సైకిలు మీదే డ్యూటీకి పోతున్నాను. రాత్రి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు లారీలంటే భయం. మీరు సైకిలు ఎక్కమని అందరికీ చెబుతున్నారు, ఎక్కినవాళ్ల సంగతేమిటి?

జవాబు: అయ్యా, మీ చివరి ప్రశ్న నన్ను నిలదీసింది. సైకిలును ప్రోత్సహించడమంటే కొత్తవారిని ఎక్కించడమే అన్నట్టుగా నేనూ రాస్తూ వచ్చాను. ఎండలోనూ రాత్రిలోనూ మానకుండా తొక్కుతున్నది మీవంటివారే.

ముందుగా మీ చేతిలో ఉన్నవి. వెనక మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టరు, దానితోపాటు బ్యాటరీ మీద వెలిగి ఆరే ఎర్ర దీపం పెట్టించుకోండి. ముందు తెల్ల దీపం ఉండాలి. లారీలకు అంటించే మెరుపు పట్టీ ముక్కలను రెండు పెడళ్ల అంచులకూ అతికించండి. పైకీ కిందికీ కదిలే మెరుపును చూసి ఎదురుగా ఉన్నది సైకిలని డ్రైవరు దూరం నుంచే పోల్చుకుంటాడు. ఫ్యాక్టరీలో ఇచ్చే మెరుపు జాకెట్టును గేటు దగ్గర విప్పేయకుండా ఇంటిదాకా వేసుకునే రండి. వాహనాలకు ఎదురు దిశలో ఎప్పుడూ తొక్కవద్దు. ఎదురుగా వస్తే లారీ కనిపిస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు గాని, రెండు వేగాలూ కలిసి తప్పుకునే సమయమే ఉండదు. మలుపు దగ్గర లారీకి ఎడమవైపు సందులో చొరబడవద్దు. క్యాబిన్‌లో ఎత్తున కూర్చున్న డ్రైవరుకు ఆ పక్కన, దగ్గరగా ఉన్న సైకిలు కనబడదు, లారీ తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలివైపుకు వస్తాయి. లారీ పోయేదాకా ఆగడం ఒక్కటే మార్గం.

మీ చేతిలో లేనివి వేరే ఉన్నాయి. రోడ్డు అంచు తారు తెగి, పక్కన మట్టి జానెడు లోతుకు దిగిపోయి ఉంటే, లారీ హారను కొట్టినప్పుడు మీరు దిగడానికి చోటే ఉండదు. ఈ అంచులను సరిచేయడం రోడ్లు భవనాల శాఖ పని. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన రహదారి భద్రతా కమిటీ ఉంటుంది. షిఫ్టు మారే వేళలను, ప్రమాదం జరిగిన చోట్లను, విరిగిన అంచు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో కిలోమీటరు రాళ్ల గుర్తుతో రాసి, పదిమంది సంతకాలతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. “రోడ్డు బాగాలేదు” అని రాస్తే అది ఫైలులో ఉండిపోతుంది, ఫలానా రాయి నుంచి రెండు వందల మీటర్లు అని రాస్తే ఎవరో ఒకరు వచ్చి కొలవక తప్పదు.

ప్రశ్న: యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, షుగరు ఉన్నాయి. తొక్కవచ్చా? ఏ సైకిలు కొనాలి, గేర్లు కావాలా? (కడప)

జవాబు: మీ డాక్టరును ఒకసారి అడిగి మొదలుపెట్టండి. ఇన్సులిన్ వేసుకునేవారైతే జేబులో చక్కెర బిళ్లలు ఉండాలి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. సైకిలు మీద ఒంటి బరువు సీటు మోస్తుంది గనుక మోకాళ్లకు నడక కంటే కూడా ఒత్తిడి తక్కువే. సీటు కిందికి ఉంటే మాత్రం మోకాలు ముందుభాగం నొప్పి పెడుతుంది. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేంత ఎత్తుకు పెట్టించండి. మన ఊరు చాలావరకు చదునే, గేర్లు అక్కరలేదు. మడ్‌గార్డు, క్యారియరు, స్టాండు, బెల్లు లేని సైకిలు ఎంత అందంగా ఉన్నా కొనవద్దు, అది ఆటకు పనికివస్తుంది గాని కూరగాయలకు పనికిరాదు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో కిరాణా అంగడి. జూన్ 3న కొందరు ర్యాలీ తీసి, ఇకపై అంగళ్ల ముందు సైకిళ్లకు చోటు వదలాలని కాగితం పంచారు. ఇప్పటికే చోటు చాలక చస్తున్నాం. దీనివల్ల మాకేమి లాభం?

జవాబు: జూన్ 3 ప్రపంచ సైకిలు దినం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ రోజు ర్యాలీలు తీసేవారిని నేను తప్పుపట్టను. టోపీ, టీషర్టు, ఫొటో అయ్యాక సైకిలును వ్యానులో ఎక్కించి కారులో ఇంటికి పోయేవారిని కూడా చూశాను. పురపాలక సంఘాన్ని అడగవలసినవి వారి కాగితంలో రాసి ఉంటే బాగుండేది. మురుగుకాలువ మీద వేసిన ఇనుప జాలీ చువ్వలు దారి వెంబడి నిలువుగా ఉంటే సైకిలు ముందు చక్రం వాటి మధ్య దిగబడి మనిషి తలకిందులుగా పడతాడు. ఆ జాలీని అడ్డంగా తిప్పి వేస్తే సరిపోతుంది, పైసా కొత్త ఖర్చు లేదు. ఇలాంటివి మీ వార్డు సచివాలయంలో రాసి ఇవ్వవచ్చు. కదిలించవలసింది మనుషులను గాని వాహనాలను కాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఊరి మధ్యలో ప్రత్యేక సైకిలు దారి కావాలని నేను అడగను. మన బజారు వీధుల వెడల్పు అందరికీ తెలుసు, గీత గీసిన మరునాడే దాని మీద తోపుడు బండి నిలబడుతుంది.

ఇక మీ చోటు సంగతి. ఒక కారు ఆగే జాగాలో పది సైకిళ్లు పడతాయి, ఆ కారులో వచ్చేది చాలాసార్లు ఒక్క మనిషే. సైకిలు మీద వచ్చేవారు నెల సరుకులన్నీ ఒకేసారి మోసుకుపోలేరు గనుక వారానికి రెండు మూడుసార్లు వస్తారు, అలా పదేపదే రావలసినవారు దగ్గరి అంగడినే చూసుకుంటారు. మెట్ల పక్కన గోడకు మోకాలెత్తున ఒక ఇనుప గొట్టాన్ని రెండు చోట్ల బిగించండి, తాళం గొలుసు దాని చుట్టూ తిప్పుకుంటారు. మూడేళ్ల కిందట ఒక అంగడి ముందు తాళం వేసి స్టాండు మీద నిలిపిన నా సైకిలును ఎవరో తాళంతో సహా ఎత్తుకుపోయారు, ఇలాంటి గొట్టం ఉంటే పోయేది కాదు. గొట్టం మీదుగా రెండడుగుల రేకు కూడా ముందుకు దింపించారంటే సీటు కాలదు కాబట్టి, ఎండ వేళ వచ్చినవారు పప్పు తీసుకున్నాక బెల్లం ధర కూడా నింపాదిగా అడుగుతారు.